తడి వైపు, పొడి వైపు

మా వీధిలో ఉండే మౌనిక ఇక్కడికి దగ్గర్లోని అంగళ్లు ఊరి కాలేజీలో ఇంజనీరింగ్ చదివింది. ఏ కంప్యూటరు ముందో కూర్చుంటుందనుకుంటే, కుప్పం దగ్గర ఒక బట్టల కంపెనీలో హెచ్‌ఆర్ ఉద్యోగం తెచ్చుకుంది. చేరిన వారానికే లైంగిక వేధింపుల ఫిర్యాదులు చూసే కమిటీలో వేశారట. మొన్న మదనపల్లెకు వచ్చినప్పుడు మా ఇంటికొచ్చి కూర్చుంది.

"ఆంటీ, చట్టం చదివినాను. చదివితే అర్థమయింది. పనికి పోయినంక ఏం చేయల్లో మాత్రం అర్థం కాలేదు" అంది.

ఆ మాట నాకు నచ్చింది. నేను ఇరవై ఎనిమిదేళ్లు వెల్ఫేర్ ఆఫీసరుగా చేశాను. మొదట కుప్పంలో ఒక కుట్టు యూనిట్‌లో, తర్వాత పుంగనూరు దారిలో ఒక పండ్ల గుజ్జు ఫ్యాక్టరీలో. వెల్ఫేర్ ఆఫీసరంటే క్యాంటీన్ సాంబారులో ఉప్పు మొదలుకొని మరుగుదొడ్ల తలుపు గడియల దాకా అన్నీ చూడాల్సిన మనిషి. అన్నీ చూడాలి కాబట్టి ఏదీ సరిగ్గా చూడకుండానే రిటైరైపోవచ్చు. నేనూ దాదాపు అలాగే అయ్యేదాన్ని.

ప్రమోషన్ల సంగతీ సర్క్యులర్ల సంగతీ ఇక్కడ రాయను, నాకే గుర్తు లేవు. గుర్తున్నది ఒక బెల్టు, దాని పక్కన నిలబడ్డ పద్నాలుగు మంది ఆడవాళ్లు. వాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు గగుర్పొడుస్తుంది. అంత గొప్ప పని నా కళ్లముందే జరుగుతుంటే నేను చూడలేదు. చూడకపోగా చెడగొట్టాను. మౌనిక కోసం, ఆమెలాంటి వాళ్ల కోసం అదంతా రాస్తున్నాను. పేర్లు మార్చాను. ఫ్యాక్టరీ పేరు చెప్పను.

కుప్పంలో పెట్టె

ముందు కుప్పం సంగతి. అక్కడ నా మొదటి బాసు చాలా పద్ధతైన మనిషి. ఫిర్యాదుల పెట్టె కావాలని నేను అడగ్గానే చేయించాడు. ఆకుపచ్చ రంగు, ఇత్తడి తాళం. నెలనెలా నేను ఆ తాళం తీసేదాన్ని. మూడేళ్లలో అందులో దొరికినవి, ఫ్యాను తిరగడం లేదని ఒక చీటీ, రెండు వక్కపొడి కాగితాలు, ఒక చచ్చిన బల్లి. "ఫిర్యాదులు లేవు" అని రిపోర్టులో గర్వంగా రాసేదాన్ని.

ఒకరోజు ఊడ్చే ముత్తమ్మ చీపురు ఆపి నాతో అంది. "పెట్టె యాడ పెట్టినారో సూడండి మేడమ్. సారు కుర్చీలో కూచుంటే, ఎవురు చీటీ ఏస్తాండారో అంతా కనపడతాది."

నిజమే. పెట్టె సరిగ్గా మేనేజరు గది తలుపుకు ఎదురుగా ఉంది. మూడేళ్లు దాని తాళం తీసిన నాకు ఆ సంగతి తట్టలేదు.

ఇంకో నిజం కూడా చెప్పాలి. కుప్పంలో ముగ్గురు అమ్మాయిలు నా దగ్గరికి నేరుగా వచ్చి ఫలానా వాడితో ఇబ్బందిగా ఉందని చెప్పారు. మూడుసార్లూ నేను చేసింది ఒకటే. అమ్మాయిని వేరే సెక్షనుకు మార్చాను. గొడవ లేకుండా తీర్చానని బాసు మెచ్చుకున్నాడు. ఆ ముగ్గురిలో ఇద్దరు కొన్నాళ్లకే మానేసి బెంగళూరు రైలెక్కారు. పెళ్లిళ్లు కుదిరాయేమో అనుకుని ఊరుకున్నాను. అప్పటికి నన్ను నేను మంచి ఆఫీసరుననే అనుకునేదాన్ని.

నా రోస్టరు

పుంగనూరు దారిలోని ఫ్యాక్టరీలో మామిడి కాలంలో మామిడి గుజ్జు, మిగతా నెలల్లో టమోటా గుజ్జు తీసేవారు. మదనపల్లె మార్కెట్ నుంచి లారీల్లో వచ్చిన కాయల్ని ముందు పెద్ద నీళ్ల తొట్టిలో పోస్తారు. అక్కడి నుంచి అవి బెల్టెక్కి మెల్లగా ముందుకు పోతుంటాయి. బెల్టుకు అటు ఏడుగురు, ఇటు ఏడుగురు నిలబడి కుళ్లినవీ పచ్చివీ ఏరి పారేస్తారు.

తొట్టి దగ్గర నిలబడే వాళ్ల చేతులు రోజంతా బ్లీచింగ్ కలిపిన నీళ్లలో నానాలి. వేళ్ల సందులు ఒరిసిపోయి పుండ్లవుతాయి. కారం తగిలితే మంట, అన్నం కలుపుకోలేరు. వాళ్ల వేళ్లు హాజరు మిషన్‌కు కూడా పట్టేవి కావు, అందుకని బెల్టు వాళ్లందరితోనూ పుస్తకంలోనే సంతకాలు పెట్టించేవాళ్లం. గ్లౌజులు ఇచ్చాం కానీ, లోపలికి నీళ్లు దిగితే అవి ఉండడం కన్నా లేకపోవడమే నయం. బెల్టు రెండో కొస మాత్రం పొడిగా ఉంటుంది, పైన ఫ్యాను కూడా ఉంది. సూపర్‌వైజర్ కేశవులు టేబులు అక్కడే. టేబులు వెనక సన్నటి నడవ, దాని చివర ఖాళీ క్రేట్లు పెట్టే గది.

నేను చేరిన కొత్తలోనే ఒకటి గమనించాను. తొట్టి దగ్గర ఎప్పుడు చూసినా వయసు పిల్లలే. ఫ్యాను కింద ఎప్పుడు చూసినా నలుగురు పెద్దవాళ్లే. ఆ నలుగురికీ పెద్ద రెడ్డెమ్మ. యాభై దాటిన మనిషి, ఐదడుగులు కూడా ఉండదు, గొంతు మాత్రం బెల్టు మోటారును మించి వినపడేది. మధ్యాహ్నం అన్నాల తర్వాత పిల్లల్ని వరుసగా కూర్చోబెట్టుకుని వాళ్ల చేతులకు పసుపు కలిపిన కొబ్బరినూనె పూసేది. పుండ్లు పడే పని పిల్లలకు వదిలేసి పైన నూనె పూస్తే సరిపోతుందా అని నేను లోపల్లోపల విసుక్కునేదాన్ని.

ఏడాది చూసి, ఒక రోస్టరు తయారు చేశాను. వారానికోసారి అందరూ చోట్లు మారాలి. తడి వైపు వాళ్లు పొడి వైపుకు, పొడి వైపు వాళ్లు తడి వైపుకు. కింద నా సంతకం పెట్టి గోడకు అంటించాను. ఇంత న్యాయమైన కాగితం ఆ ఫ్యాక్టరీలో ఎవరూ రాయలేదని నా నమ్మకం.

ఆ పూటే రెడ్డెమ్మ వచ్చింది.

"ఇది వొద్దు మేడమ్. మాకు ఇట్లనే బాగుండాది."

"నీకు బాగుంది రెడ్డెమ్మా. ఆ పిల్లల చేతులు చూశావా?"

"సూడకేం. దినామూ నూనె పూసేది నేనే గదా."

"మరి నువ్వు నాలుగు రోజులు నీళ్ల దగ్గర నిలబడితే ఏం పోతుంది?"

ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. అవతల కేశవులు తన టేబులు దగ్గర ఏదో రాసుకుంటున్నాడు. "ఏం పోతాదో నాకు తెలుసు మేడమ్. మీకు ఎట్ల చెప్పేది" అని వెళ్లిపోయింది.

నా ఉద్యోగం అంతా ఆ నిమిషంలో ఉంది. ఆమెను కూర్చోబెట్టి, గది తలుపు వేసి, "చెప్పు" అనాల్సింది నేను. ఫ్యాను కింద చోటు వదులుకోవడం ఇష్టం లేదని అనుకున్నాను.

పర్వీన్ అడిగింది

పర్వీన్‌కు ఇరవై రెండేళ్లు. పుంగనూరు టౌను పిల్ల, వాళ్ల నాన్న పరుపులు కుడతాడు. పని చేస్తూనే డిగ్రీ పరీక్షలు రాస్తోంది. ఇంట్లో వాళ్లను ఒప్పించడానికి ఏడాది పట్టిందనీ, ఒక్క మాట పడినా పని మాన్పిస్తారనీ ఆమే ఒకసారి చెప్పింది. రోస్టరు పెట్టిన మూడో వారం ఆమె వంతు పొడి వైపుకు వచ్చింది. రెడ్డెమ్మ వంతు తొట్టి దగ్గర పడింది.

ఆ వారం చివర, అన్నాల వేళ, పర్వీన్ నా గదికి వచ్చింది. చేతులు చున్నీలో చుట్టుకుని ఉంది.

"మేడమ్, నన్ను మళ్లా తొట్టి కాడికి ఏసేయండి."

"ఇప్పుడిప్పుడే పుండ్లు ఆరుతున్నాయి కదమ్మా. మళ్లీ నీళ్లలోకి పోతానంటావేం?"

"చేతులు మానుతాయి మేడమ్."

ఆ మూడు ముక్కలు నా బుర్రలోకి దిగడానికి ఎంతసేపు పట్టిందో చెప్పాలంటే సిగ్గుగా ఉంది. దిగాక లేచి తలుపు వేశాను. మంచినీళ్లిచ్చి, ఎదురుగా కూర్చున్నాను. పర్వీన్ ఆగి ఆగి చెప్పింది.

కేశవులు ఖాళీ క్రేట్లు తెమ్మని తనకు దగ్గర్లో ఉన్న మనిషిని పంపుతాడు. పంపి వెనకే వస్తాడు. మొదట మాటలు. ముందు రోజు నడవలో దారి ఆపి మీద చేతులేశాడు. విడిపించుకుని పరిగెత్తుకొచ్చింది.

"ముందంతా క్రేట్లు అంటే రెడ్డెమ్మ పెద్దమ్మ, ఇంగొకామె జతగా పోయేవాళ్లు మేడమ్. గట్టిగా మాట్లాడుకుంటా పోయేవాళ్లు. ఇప్పుడు పెద్దమ్మ తొట్టి కాడ ఉండాది. ఆడినుంచి ఉరికొచ్చేసరికి నేను లోపలికి పోయుంటాను."

ఆమె వెళ్లాక అంతా అర్థమయింది. పొడి వైపు నలుగురు పెద్దవాళ్లు నిలబడింది ఫ్యాను గాలి కోసం కాదు. పిల్లలకూ ఆ టేబులుకూ మధ్య అడ్డంగా నిలబడ్డారు. పిల్లలు పుండ్లు ఓర్చుకున్నారు, పెద్దవాళ్లు వాడిని ఓర్చుకున్నారు. ఆ గోడను నా సంతకంతో నేనే పడగొట్టాను. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఏమిటో నాకు ఆరోజు తెలిసింది.

సాయంత్రం షిఫ్టు దిగేవేళ గోడ మీద కాగితం చించేసి రెడ్డెమ్మ దగ్గరికి పోయాను.

"ఇన్నేళ్లూ ఎందుకు చెప్పలేదు రెడ్డెమ్మా?"

"చెప్తే ఏం చేస్తారు మేడమ్? పిల్లని ఇంగో చోటికి మారుస్తారు. అప్పుడు ఈడికి ఇంగో పిల్ల వస్తాది."

రెడ్డెమ్మ ఎప్పుడూ కుప్పంలో పనిచేయలేదు. నేను అక్కడ చేసింది మూడుసార్లూ పక్కనుండి చూసినట్టు చెప్పింది.

మరుసటి రోజు పాత హాజరు పుస్తకాలు తెప్పించుకుని కూర్చున్నాను. ఎనిమిదేళ్లవి. ఆ నలుగురు పెద్దవాళ్లలో ఇద్దరు ఒకేరోజు సెలవు పెట్టింది ఒక్కసారి కూడా కనబడలేదు. జ్వరాలొచ్చాయి, కూతుళ్ల కాన్పులు వచ్చాయి, రాగి కోతలు వచ్చాయి. ఒకరు సెలవులో ఉంటే మిగతా ముగ్గురూ పనిలో ఉన్నారు. మీటింగు లేదు, కాగితం లేదు, ఒకరు చెప్పి ఒకరు విన్న ఆనవాలు లేదు. పేజీలు తిప్పుతుంటే నాకు కళ్లనీళ్లు వచ్చాయి. అలాంటి డ్యూటీ చార్టును ఏ మేనేజరూ ఎనిమిదేళ్లు తప్పకుండా నడపలేడు. నేను నా టేబులు ముందు చదువుకున్నదాన్నని కూర్చున్నందుకు సిగ్గుపడ్డాను.

విచారణ

రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వమని నేను పర్వీన్‌ను తొందరపెట్టలేదు. ఇస్తే ఏమవుతుందో, ఇవ్వకపోతే ఏమవుతుందో రెండూ చెప్పాను. నాలుగో రోజు ఆమే తెచ్చి ఇచ్చింది. పది లైన్లు, గుండ్రటి చేతిరాత. వాళ్ల అమ్మకు మాత్రం చెప్పిందట. "పో, రాసిచ్చి రా" అందట ఆ తల్లి.

మేనేజరు గారు చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకు పని సులువయ్యేది. "అమ్మాయిని ప్యాకింగ్‌కు మార్చేద్దాం మేడమ్. కేశవులుకు నేను గట్టిగా చెప్తాను. సీజన్ మధ్యలో ఇదంతా ఎందుకు?" అన్నాడు.

"ఆ పని నేను కుప్పంలో మూడుసార్లు చేశాను సార్. నాలుగోసారి చేయను" అన్నాను.

కమిటీలో నాతోపాటు అకౌంట్స్‌లో పనిచేసే ఒక పెద్దామె, ప్లాంటు నుంచి ఒకాయన, బయటి సభ్యురాలిగా మదనపల్లె నుంచి ఒక లాయరమ్మ. మొదటి రోజే నేను రోస్టరు ముక్కలు అతికించి ముందు పెట్టి, ఇందులో నా తప్పుంది, కావాలంటే తప్పుకుంటానని చెప్పాను. మేడం ఉండడమే మంచిదని కేశవులే అన్నాడు. నా సంతకమే తనను కాపాడుతుందని అతని లెక్క.

అతని వంతు వచ్చినప్పుడు తొణక్కుండా చెప్పాడు. "ఆ పిల్లని ఆడ నిలబెట్టింది మేడమే. సంతకం సూడండి. నేను చెడ్డోన్నయితే ఈ పెద్దాళ్లంతా ఎనిమిదేండ్లుగా నా టేబులు పక్కనే యాల నిలబడినారు? ఎవురూ నిలబడమని చెప్పలేదే."

నడవలో ఏం జరిగిందో చూసినవాళ్లు లేరు. లాయరమ్మ నా వైపు చూసింది. జవాబు నాకు తెలుసు, కానీ అది నేను చెప్పాల్సిన జవాబు కాదు. పర్వీన్ తల వంచుకుని కూర్చుంది. ఇది ఇక్కడ వీగిపోతే ఆ పిల్ల అబద్ధాలకోరుగా ఇంటికి పోతుంది, చదువూ పనీ రెండూ ఆగిపోతాయి, ఇతను రేపు పొద్దున తన కుర్చీలో కూర్చుంటాడు.

రెడ్డెమ్మను పిలిచాం. కేశవులు అన్న మాటను లాయరమ్మ ఆమెకు చదివి వినిపించి, దీనికి ఏమంటావని అడిగింది. కుర్చీ వేసినా రెడ్డెమ్మ కూర్చోలేదు.

"ఆయప్ప అడిగింది మంచి మాటే. యాల నిలబడినామో చెప్తాను" అంది. "నేను ఈ పనికి కొత్తగా వచ్చినప్పుడు ఆ కొసనే నిలబడినాను. అప్పుడు నాకు ముందర ఎవురూ లేరు."



"ఈ పాపకు జరిగిందే నాకూ ఆ రూములో జరిగింది. పిల్లల తల్లిని, నలబై దాటినదాన్ని. ఎవురికి చెప్పేది? మా ఇంట్లో ఇప్పటికీ తెలీదు. ఈ దినం తెలుస్తాది, తెలిస్తే తెలియనీ. మర్సటి నెల ఒక పిల్ల కొత్తగా వచ్చె. ఆ పిల్లని తొట్టి కాడికి పొమ్మని, నేను ఆయప్ప టేబులు కాడ నిలబడినాను. అప్పటినుంచి ఆడనే ఉండాను. అంతే మేడమ్."

తనకు ఆ అన్యాయం జరిగిన చోటుకే ఆమె ఎనిమిదేళ్లు రోజూ పొద్దున్నే వచ్చి నిలబడింది, ఇంకొకరికి జరగకూడదని. ఇంత మనిషిని నేను ఫ్యాను గాలికి ఆశపడుతోందనుకున్నాను. లేచి ఆమె కాళ్లు పట్టుకోవాలనిపించింది. కమిటీ సభ్యురాలిని కాబట్టి కుర్చీ పట్టుకుని కూర్చున్నాను.

తర్వాత మిగతా ముగ్గురూ ఒకరి తర్వాత ఒకరు వచ్చారు, బెల్టు దగ్గర నిలబడే వరుసలోనే. ఆ వరుస ఎవరూ చెప్పింది కాదు. రెండో ఆమె చెప్పింది నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది. "రెడ్డెమ్మక్క చెప్పింది నిజం. ఆమె నన్ను తొట్టి కాడికి పంపించింది. నా చేతులు పుండ్లయినాయి గానీ నాకేం కాలేదు. ఇంత వయసున్నదాన్ని, ఆమె ఒక్కతే యాల నిలబడల్ల అని నెల తిరక్కముందే నేనూ ఆమె పక్కకు పోయి నిలబడినాను." లాయరమ్మ పెన్ను కింద పెట్టి, అద్దాలు తీసి తుడుచుకుంది.

రిపోర్టులో నా రోస్టరు సంగతి ఒక పేరా రాశాను. మీ గురించి మీరే రాసుకోవడమెందుకు, తీసేయండని మేనేజరు అన్నాడు. తీయలేదు. కేశవులు ఉద్యోగం పోయింది. రెడ్డెమ్మ భర్త రెండు రోజులు ఆమెతో మాట్లాడలేదట. మూడో రోజు మోపెడ్ మీద గేటు దాకా తెచ్చి దింపి, సాయంత్రం ఎన్ని గంటలకు రావాలని అడిగి వెళ్లాడు. ఆ మాట చెప్తున్నప్పుడు మాత్రం రెడ్డెమ్మ ఏడ్చింది.

టేబులు

కొత్త సూపర్‌వైజర్ వచ్చిన రోజు పొద్దున్నే బెల్టు దగ్గరికి పోయాను. ఇవాళ పిల్లలు ఫ్యాను కింద ఉంటారని ఆశ. చూస్తే పిల్లలు తొట్టి దగ్గరే ఉన్నారు. నలుగురు పెద్దవాళ్లూ ఎప్పటిలాగే పొడి వైపు నిలబడి ఉన్నారు.

"ఇంకా ఎందుకు రెడ్డెమ్మా? వాడు పోయాడు కదా."

"ఆయప్ప పోయినాడు మేడమ్. టేబులు ఈడనే ఉండాది గదా."

చట్టం చదివి, కమిటీలో కూర్చుని, రిపోర్టు రాసి కూడా ఆ ముక్క నాకు తట్టలేదు. కుప్పంలో పెట్టె సంగతి ముత్తమ్మ చెప్తే తప్ప తెలియలేదు, ఇక్కడ టేబులు సంగతి రెడ్డెమ్మ చెప్తే తప్ప తెలియలేదు. మౌనికా, నీకు నేను చెప్పగలిగిందల్లా ఇదే. చేరిన చోట ముందు ఎవరు ఎక్కడ నిలబడుతున్నారో చూడు. చూసి, ఎందుకని వాళ్లనే అడుగు. వాళ్లు చెప్పేదాకా ఏ కాగితమూ గోడకు అంటించకు.

ఆ రోజే నలుగురు మనుషుల్ని పిలిపించి టేబులు తీయించాను. బెల్టు మధ్యలో, అందరికీ కనబడేలా వేయించాను. క్రేట్లన్నీ బయట గోడ వారగా పేర్పించి, ఆ గదికి తలుపు ఊడదీయించాను. సగం పూట పని ఆగిందని మేనేజరు గొణిగాడు. గొణగనిచ్చాను.

మరుసటి పొద్దున రెడ్డెమ్మ కొంగు బిగించి ఆ కొస నుంచి ఈ కొస దాకా నడిచింది. సంతలో ఆవును కొనేముందు చూసినట్టు అన్నీ చూసింది. తలుపు లేని గదిలోకి తొంగి చూసింది. టేబులు కొత్త చోట నిలబడి నడవ వైపు చూసింది. అప్పుడు పర్వీన్ భుజం పట్టి పొడి వైపుకు నెట్టి, తను తొట్టి దగ్గరికి పోయి రెండు చేతులూ మోచేతుల దాకా ముంచింది.

"ఆ వారం నా కండ్లన్నీ ఆ కొసనే ఉండె, తెలీలేదు. ఇంత సల్లగా ఉంటాయా ఈ నీళ్లు" అంది.

"ఉంటాయి పెద్దమ్మా" అంది పర్వీన్, ఫ్యాను కింద కాయలు ఏరుతూ. "మధ్యాన్నం నూనె నేను పూస్తాలే."

మధ్యాహ్నం పూసింది. నేను క్యాంటీన్ గుమ్మం దగ్గర నిలబడి చూశాను.